శవం లేని కేసు, ఫిర్యాదు లేని మనిషి

(బెంగళూరు మహదేవపురలో చేసిన స్మారక ఉపన్యాస పాఠం)



స్మారక ఉపన్యాసంలో మొదటి పావుగంట కీర్తిశేషుల గుణగణాలకు పోవడం మన ఆచారం. ఎవరి పేరున ఇవాళ ఇక్కడ కూర్చున్నామో ఆ పెద్దాయనకు అది గిట్టేది కాదు. సెషన్స్ కోర్టులో లేచారంటే నేరుగా సాక్షి దగ్గరికే వెళ్ళేవారు, ఉపోద్ఘాతం ఉండేది కాదు. ఆయన జూనియర్లలో ఒకడిగా నేనూ ఆ పద్ధతే పాటిస్తాను.

మత్తుమందుల వ్యాపారంలో చిక్కుకున్న ఒక మనిషిని చంపేశారని పోలీసులకు నమ్మకం కుదిరింది. శవం మాత్రం దొరకలేదు. అప్పుడు దర్యాప్తు ఎక్కణ్ణుంచి మొదలవ్వాలి? కోర్టు దేన్ని నమ్మాలి? ఇదీ ఇవాళ్టి విషయం.

ఈ మాట మహదేవపురలో చెప్పుకోవడానికి కారణం ఉంది. టిన్ ఫ్యాక్టరీ దాటింది మొదలు గరుడాచార్‌పాళ్య, హూడి, ఐటీపీఎల్, కాడుగోడి దాకా రోడ్డుకు రెండు పక్కలా పీజీలు, ఆంధ్ర మెస్సులు. కాకినాడ నుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన కుర్రాడు కె.ఆర్. పురంలో దిగి, మెట్రో పట్టుకుని, గంటలో ఎవరికీ తెలియని మనిషైపోతాడు. పక్క మంచం మీది వాడు వారం రోజులు కనిపించకపోతే ఉద్యోగం మారాడనుకుంటాం. నెల కనిపించకపోతే ఆ మంచానికి ఇంకొకడు వస్తాడు. మనిషి ఎంత తేలిగ్గా కలిసిపోతాడో అంత తేలిగ్గా మాయమైపోయే చోటు ఇది. 2017 డిసెంబరులో వైట్‌ఫీల్డ్‌లో ఉండే ఒక ఐటీ ఉద్యోగి కారు అమ్మకానికి పెట్టి, కొనేవాళ్ళను కలవడానికి బయల్దేరి, మళ్ళీ ఇల్లు చేరలేదు. హైకోర్టు ఆ కేసును సీబీఐకి అప్పగించింది. దానికి మత్తుమందులతో ఏ సంబంధమూ లేదు. చదువు, ఉద్యోగం ఉండి, వెతికే తల్లిదండ్రులున్న మనిషి విషయంలోనే అంత కష్టమైతే, దొంగపేరుతో గది అద్దెకు తీసుకుని, నెలకో సిమ్ మార్చే పెడ్లర్ సంగతి ఆలోచించండి.

శవం లేకపోతే హత్య కేసు నిలవదన్న నమ్మకం జనంలో బలంగా ఉంది. మన సినిమాలు దాన్ని బాగా పెంచాయి. నేరగాళ్ళు కూడా నమ్ముతారు. 1949లో ఇంగ్లండ్‌లో జాన్ జార్జ్ హేగ్ అనే వాడు ఒక ధనిక విధవరాలిని చంపి, శవాన్ని సల్ఫ్యూరిక్ ఆసిడ్ డ్రమ్ములో వేశాడు. శవమే లేకుండా హత్య ఎలా రుజువు చేస్తారని పోలీసుల్నే నిలదీశాడు. పాథాలజిస్టు కీత్ సింప్సన్ హత్య జరిగిన చోటి పెరట్లో పారబోసిన బురదను జల్లించాడు. పిత్తాశయపు రాళ్ళు దొరికాయి, కట్టుడు పళ్ళు దొరికాయి. పళ్ళు కట్టిన డాక్టరు వాటిని గుర్తుపట్టింది. ఆ ఏడాది ఆగస్టులోనే హేగ్‌ను ఉరితీశారు.

మన దేశంలో ఈ ప్రశ్న తేలి చాలా కాలమైంది. 1981లో రామానంద్ వర్సెస్ హిమాచల్ ప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు, గాయాలతో ఉన్న శవం దొరకడం హత్యను రుజువు చేసే ఒకే ఒక్క మార్గం కాదని స్పష్టంగా చెప్పింది. పదేళ్ళ తర్వాత వచ్చిన తీర్పు మన విషయానికి ఇంకా దగ్గరది. సేవక పెరుమాళ్ వర్సెస్ తమిళనాడు, 1991. తక్కువ ధరకు గంజాయి ఇప్పిస్తామని డబ్బున్న ఇళ్ళ కుర్రాళ్ళకు ఆశపెట్టి, రొక్కంతో రప్పించి, చంపి, డబ్బు తీసుకున్న ముఠా అది. ఐదేళ్ళలో నాలుగు హత్యలు. ఆ తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ కె. రామస్వామి. చంపి శవాన్ని పారే నదిలో పడేస్తేనో, కాల్చేస్తేనో అది దొరకడం ఎలా సాధ్యం, దొరికి తీరాలని పట్టుబడితే నేరస్థుడు తప్పించుకుపోడా అని ఆయన వాదన. చావును కూడా మిగతా విషయాల్లాగే సాక్ష్యంతో రుజువు చేయవచ్చన్నది అందులో సారాంశం. కొత్త భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా ఈ సూత్రం మారలేదు.

చట్టం అంత సుళువుగా ఉంటే ఇక సమస్యేమిటి? సమస్య చట్టంలో లేదు. ఇలాంటి కేసు ఓడిపోయేది మొదటి వారంలో, స్టేషన్లో రైటర్ బల్ల దగ్గర. నేనివాళ చెప్పదలచుకున్నది అంతే. మిగతాదంతా దానికి వివరణ.

మత్తుమందుల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ కింద కేసులో బెయిల్ మీద బయట ఉన్న మనిషిని తీసుకోండి. వాయిదాకు రాలేదు. కోర్టు నాన్‌బెయిలబుల్ వారంటు ఇస్తుంది. రెండు మూడు వాయిదాల తర్వాత అతను పరారీలో ఉన్నట్టు ప్రకటన వస్తుంది, ఆస్తి జప్తు మాట వస్తుంది. అదే సమయంలో తల్లి స్టేషనుకొచ్చి నా కొడుకు కనిపించడం లేదంటుంది. ఎస్సై కంప్యూటర్లో పేరు కొడతాడు. పాత గంజాయి కేసు తెర మీద కనిపిస్తుంది. "నీ కొడుకు కనపడకపోవడమేంటమ్మా, మేమే వెతుకుతున్నాం, వస్తే చెప్పు" అని పంపించేస్తాడు. ఒక ఫైల్లో అతను తప్పించుకు తిరుగుతున్న ముద్దాయి. ఇంకో ఫైల్లో తప్పిపోయిన మనిషి కావాలి, కానీ ఆ ఫైలు పుట్టదు. చచ్చిపోయినవాడి మీద వారంటు నడుస్తూనే ఉంటుంది. ఆ వారంటు ఉన్నంతకాలం అతను బతికే ఉన్నాడని ప్రభుత్వమే కాగితం మీద చెబుతున్నట్టు లెక్క. రేపు హత్య కేసు నడిస్తే ముద్దాయి తరపు వకీలు మొదట పట్టుకునేది ఈ కాగితాన్నే. మీరే అతన్ని పరారీ అన్నారు కదా, ఏ తేదీ నుంచి చచ్చాడంటున్నారు అని అడుగుతాడు. నేనైనా అదే అడుగుతాను.

మరో మాట. ఇలాంటి మనిషి కోసం అందరికంటే ముందు వెతికేది చాలాసార్లు జామీనుదారు. తన డబ్బు పోతుంది కదా. ఎవరిని కలిశాడు, ఎవరికి బాకీ, ఏ రాత్రి నుంచి ఫోను మోగడం లేదు, అన్నీ అతనికి తెలుస్తాయి. జామీనుదారును సాక్షిగా విచారించిన దర్యాప్తు అధికారులను నేను చాలా తక్కువగా చూశాను.

మత్తుమందు వ్యాపారంలో మనిషిని ఎందుకు చంపుతారో కూడా దర్యాప్తు అధికారి తెలుసుకోవాలి. ఈ వ్యాపారం నోటిమాట మీద, ఉద్దెర మీద నడుస్తుంది. సరుకు అరువుకి ఇస్తారు, అమ్మాక డబ్బు పైకి వెళుతుంది. మధ్యలో ఒక బ్యాగు పట్టుబడితే ఆ నష్టం ఎవరిది? పోలీసులు పట్టుకున్నారా, వీడే పట్టించాడా, పట్టుబడిందని చెప్పి వీడే అమ్ముకున్నాడా? తేల్చుకోవడానికి కోర్టులు లేవు, రసీదులు లేవు. గంజాయి 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. పదేళ్ళకు తగ్గని శిక్ష, బెయిల్ దాదాపు అసాధ్యం. కాబట్టి పట్టించాడన్న అనుమానం ఒక్కటే చాలు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల నుంచి బయల్దేరే సరుకు ఎంతో ఒక్క లెక్క చెబుతాను. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు అనకాపల్లి దగ్గర కోడూరులో ఒకేచోట సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. అది పట్టుబడిన సరుకు మాత్రమే.

ఇక్కడ చట్టంలో ఒక చిక్కుముడి ఉంది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. ఎన్‌డీపీఎస్ చట్టం 68వ సెక్షన్ ప్రకారం, సమాచారం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పమని అధికారిని బలవంతపెట్టకూడదు. ఇన్‌ఫార్మర్ ప్రాణం కాపాడటానికి పెట్టిన సెక్షన్ అది. మంచిదే. కానీ ఆ ఇన్‌ఫార్మర్‌నే చంపేస్తే? హత్యకు కారణం మాదకద్రవ్యాల విభాగం అధికారి నోట్లో ఉంటుంది, బీరువాలో ఉంటుంది. హత్య దర్యాప్తు చేసే స్టేషనుకు అది తెలియదు. ప్రాణం కోసం కట్టిన గోడ ప్రాణం పోయాక కూడా ఎందుకు నిలబడాలి? సీల్డు కవర్లో జడ్జికైనా ఆ సమాచారం అందే ఏర్పాటు ఉండాలని నా అభిప్రాయం. అధికారులు దీనికి ఒప్పుకోరు. వాళ్ళ భయానికీ అర్థముంది. చనిపోయినవాడి పేరు బయటపడితే బతికున్న ఇన్‌ఫార్మర్లు నోరు మూసుకుంటారు.

మరి చావు రుజువయ్యేదెలా? బతికిన ఆనవాళ్ళు ఒక్క క్షణంలో, అన్నీ ఒకేసారి, ఆగిపోవడం చూపించాలి. ఈ కాలంలో మనిషి రోజుకు వంద గుర్తులు వదులుతాడు. టీకొట్టు దగ్గర యూపీఐలో పది రూపాయలు, మెట్రో కార్డు, రాత్రి రెండింటికి వాట్సాప్‌లో ఆన్‌లైన్, స్విగ్గీ ఆర్డరు, అమ్మకు మిస్డ్ కాల్. పరారీలో ఉన్నవాడు ఫోను మారుస్తాడు గానీ అలవాట్లు మార్చుకోలేడు. ఎప్పుడో ఒకసారి చెల్లెలికి ఫోను చేస్తాడు, ఎవరి అకౌంటు నుంచో డబ్బు అడుగుతాడు. అన్నీ ఒకేసారి ఆగిపోయి, ఆరు నెలలైనా ఏ దారిలోనూ తిరిగి మొదలవ్వకపోతే, అదే సాక్ష్యం. కానీ ఆ రికార్డు శాశ్వతంగా ఉండదు. కాల్ వివరాలను కంపెనీలు రెండేళ్ళు దాచాలని టెలికాం శాఖ 2021లో నిబంధన సవరించింది. అపార్టుమెంటు సీసీటీవీ మాత్రం చాలాచోట్ల రెండు మూడు వారాలకో నెలకో తనంతట తానే చెరిగిపోతుంది. "వాడే ఎక్కడో తిరుగుతుంటాడులే" అని ఎస్సై అనే ఆ నెలరోజుల్లోనే అది చెరిగిపోతుంది.

2025 జనవరిలో హైదరాబాద్ మీర్‌పేటలో జరిగిన కేసు మీకు గుర్తుండే ఉంటుంది. దానికీ మత్తుమందులకూ సంబంధం లేదు. ఒక మాజీ సైనికుడు సంక్రాంతి రోజుల్లో భార్యను చంపి, శవం ఆనవాలు లేకుండా చేసి, మిగిలింది జిల్లెలగూడ చెరువులో కలిపాడన్నది పోలీసుల అభియోగం. అది రుజువయ్యేదీ కానిదీ కోర్టులో తేలాలి. నేను చెప్పదలచుకున్నది దర్యాప్తు తీరు గురించి. భార్య కనిపించడం లేదని పుట్టింటివాళ్ళు వెంటనే ఫిర్యాదు చేశారు, కాబట్టి కెమెరా ఫుటేజీ దొరికింది. ఆమె ఇంట్లోకి వెళ్ళడం ఉంది, బయటికి రావడం లేదు. అక్కడితో వెతుకులాట ఊరంతా అక్కర్లేకుండా ఒక్క ఇంటికి కుదించుకుపోయింది. ఫోరెన్సిక్ వాళ్ళు ఆ ఇంట్లోనే ఆనవాళ్ళు వెతికారు. ఆ ఫిర్యాదు నెల తర్వాత వచ్చి ఉంటే కెమెరాలో ఏమీ మిగిలేది కాదు.

బెంగళూరుకు ఇందులో పాత అనుభవమే ఉంది. మైసూరు దివాన్ మీర్జా ఇస్మాయిల్ మనవరాలు షకీరే ఖలీలీ 1991లో రిచ్‌మండ్ రోడ్డులోని తన ఇంట్లో మాయమైంది. రెండో భర్త, స్వామి శ్రద్ధానంద అని పేరుపెట్టుకున్నవాడు, అడిగిన ప్రతివాళ్ళకూ ఒక కొత్త ఊరు చెప్పాడు. కూతురు వదల్లేదు, 1992లో ఫిర్యాదు చేసింది. 1994 మార్చిలో ఇంటి ఆవరణ తవ్వితే పెట్టెలో అస్థిపంజరం దొరికింది. 2008లో సుప్రీంకోర్టు అతనికి ఉరి వద్దని, విడుదల లేని యావజ్జీవం వేసింది. మూడేళ్ళపాటు శవం లేని కేసు అది. ఆ మూడేళ్ళూ దాన్ని బతికించింది ఒక కూతురి మొండితనం. పెడ్లర్‌కు అలాంటి కూతురు దొరకడం కష్టం.

ఇక పోలీసులు అందరికంటే ముందు వెళ్ళే దారి ఒప్పుకోలు. నలుగురిని పట్టుకొస్తారు, నలుగురూ చంపి చెరువులో పడేశామంటారు. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యం కాదు. అది బ్రిటిష్‌వాళ్ళ నాటి నియమం, ఇప్పటికీ ఉంది. నార్కోటిక్స్ అధికారులు ఎన్‌డీపీఎస్ చట్టం 67వ సెక్షన్ కింద తీసుకునే వాంగ్మూలాలకు దీని నుంచి మినహాయింపు ఉందని చాలాకాలం వాదించారు. 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు తూఫాన్ సింగ్ తీర్పు ఆ తలుపు మూసేసింది. మిగిలింది ఒకే కిటికీ. ముద్దాయి చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించిన ముక్క వరకు చెల్లుతుంది. దీనికి దేశమంతటా ఇప్పటికీ చెప్పుకునే తీర్పు మన గుంటూరు ప్రాంతపు కేసు, పులుకూరి కొట్టయ్య వర్సెస్ ఎంపరర్, ప్రివీ కౌన్సిల్, 1947. బల్లెం ఫలానా చోట దాచానన్న మాట చెల్లుతుంది, దానితో పొడిచానన్న మాట చెల్లదు. లండన్‌లో కూర్చుని సర్ జాన్ బోమాంట్ గీసిన ఆ గీతను మన వకీళ్ళు ఎనభై ఏళ్ళుగా తిరగేస్తూనే ఉన్నారు.

ఇప్పుడు దీన్ని మన నీటికి అన్వయించండి. ముద్దాయి చూపించిన చోట ఏమీ దొరకకపోతే ఆ మాటలో ఒక్క అక్షరమూ మిగలదు. బెళ్ళందూరు నీళ్ళు వర్తూరు చెరువులో పడతాయి. వర్తూరు నుంచి దక్షిణ పినాకిని, అక్కణ్ణుంచి హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయం. అది తమిళనాడు. ఇక్కడ రాజకాలువలో వేసింది వానాకాలం నాలుగు రోజుల్లో మరో రాష్ట్రపు నీళ్ళలో తేలవచ్చు. గజ ఈతగాళ్ళు పూడికలో, గుర్రపుడెక్కలో రెండు రోజులు దేవి లేదనిపిస్తారు. అందుకే శవం కోసం చెరువు దేవడం కంటే ముందు చేయాల్సిన పని చంపిన చోటు వెతకడం. కడిగిన బాత్రూములో టైల్స్ మధ్య సందుల్లో, డ్రెయిన్ పైపు వంపులో, కారు డిక్కీ చాప కింద రక్తం మిగులుతుంది. మడివాళ ఫోరెన్సిక్ ల్యాబుకు అది చాలు. డీఎన్‌ఏ అంటే మన హైదరాబాదును గర్వంగా తలచుకోవాలి. 1995లో ఢిల్లీలో తందూరు పొయ్యిలో కాల్చిన నైనా సాహ్నీ శవం ఎవరిదో సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం తేల్చి చెప్పింది. రక్తం ఎవరిదో డీఎన్‌ఏ చెబుతుంది. ఆ మనిషి ఎలా చచ్చాడో మాత్రం చెప్పదు.

మత్తుమందుల కేసుల్లో అసలు ముడి ఇదే. ఈ లోకంలో శవాన్ని దాచాల్సిన అవసరం హంతకుడికి మాత్రమే ఉండదు. గదిలో నలుగురు కూర్చుని సూది వేసుకున్నారు, ఒకడు లేవలేదు. ఆసుపత్రికి తీసుకెళితే పోలీసులొస్తారు. భయపడి పూడ్చేశారు. కోళికోడ్‌లో 2019 మార్చిలో తప్పిపోయిన ఒక యువకుడి ఫైలును ఎలత్తూరు పోలీసులు ఆరేళ్ళ తర్వాత మళ్ళీ తెరిచారు. 2025 ఆగస్టులో స్నేహితుల్ని పట్టుకుంటే, మత్తు మోతాదు మించి చనిపోయాడు, సరోవరం దగ్గరి చిత్తడి నేలలో పాతిపెట్టామన్నారు. ఒక నిందితుడు తెలంగాణలో పట్టుబడ్డాడు. తవ్వగా సెప్టెంబరులో ఎముకలు బయటపడ్డాయి. ఆరేళ్ళ తర్వాతి ఎముకలకు మెడ నులిమారా, మందు మించిందా అన్నది చెప్పే శక్తి చాలా తక్కువ. ఎముకలు కూడా దొరకని కేసులో ఇక చెప్పేదేముంది?

అందుకని నేను దర్యాప్తు అధికారులకు చెప్పేదేమిటంటే, న్యాయ సంహితలో హత్యకున్న 103వ సెక్షన్ పెట్టి చేతులు దులుపుకోకండి. సాక్ష్యం మాయం చేసిన నేరం 238వ సెక్షన్ కింద విడిగా ఉంది, దాన్ని విడిగా, పూర్తిగా రుజువు చేయండి. హత్య ఎవరు చేశారో తేలకపోయినా అది నిలవవచ్చు. ముద్దాయిల్లో చిన్న చేపను అప్రూవర్‌గా మార్చాలనుకుంటే త్వరపడండి, మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇప్పించండి. మోతాదు మించి చచ్చాడని అతను చెబితే వినండి కూడా. హత్యే అయి తీరాలని ముందే నిర్ణయించుకుని వినకండి. పెడ్లర్ చనిపోతే హత్య అనుకోవడం, బడా ఇంటి కుర్రాడు చనిపోతే ఓవర్‌డోస్ అనుకోవడం రెండూ చూశాం.

శవం లేదనుకున్నది ఒక్కోసారి పక్క స్టేషన్లోనే ఉంటుంది. కాడుగోడి రైలు కట్ట మీద దొరికితే అది రైల్వే పోలీసుల ఫైలు, హోసకోట దాటితే జిల్లా పోలీసుల ఫైలు. గుర్తు తెలియని శవమని అసహజ మరణ నివేదిక (యూడీఆర్) రాసి, కొన్నాళ్ళు మార్చురీలో ఉంచి, మునిసిపాలిటీవాళ్ళు పూడ్చేస్తారు. తప్పిపోయినవాళ్ళ జాబితానూ ఈ జాబితానూ పక్కపక్కన పెట్టి చూసే ఓపిక ఎవరికుంది? పంజాబ్‌లో జస్వంత్ సింగ్ ఖాల్రా చేసిన పని అదే. దిక్కులేని శవాలని రాసి రహస్యంగా దహనం చేసిన వాళ్ళ లెక్కలు శ్మశానాల రిజిస్టర్లలోంచి బయటికి తీశాడు. 1995 సెప్టెంబరులో పోలీసులే ఆయన్ని ఎత్తుకుపోయారు. ఆయన శవమూ దొరకలేదు. 2011లో పృథిపాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ పోలీసుల యావజ్జీవ శిక్షలను ఖాయం చేసింది. శవం లేకపోయినా శిక్ష పడుతుందనడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ మన దగ్గర లేదు. అందులో శవాన్ని మాయం చేసినవాళ్ళు చట్టం తెలిసినవాళ్ళు కూడా.

ప్రభుత్వం వెతకడం మానేస్తే ఎక్కడికి చేరుతుందో మెక్సికో చూపిస్తోంది. తప్పిపోయినవాళ్ళ అధికారిక రిజిస్టరు 2022లో లక్ష దాటింది, అందులో ఎక్కువమంది మత్తుమందు ముఠాల యుద్ధాల కాలంలో పోయినవాళ్ళు. అక్కడ తల్లులు గుంపులుగా బయల్దేరి, ఇనుప చువ్వను నేలలోకి దిగేసి, బయటికి లాగి మొన వాసన చూస్తారు. శవం వాసన తగిలితే అక్కడ తవ్వుతారు. మన దగ్గర పరిస్థితి అంత దూరం పోలేదు.

ఇంతసేపూ శిక్ష పడాలనే చెబుతున్నానని ముద్దాయిల తరపు మిత్రులు అనుకోవచ్చు. రెండో వైపు కూడా చూద్దాం. 1660లో ఇంగ్లండ్‌లోని కాంప్డెన్‌లో విలియం హారిసన్ అనే ముసలాయన మాయమయ్యాడు. పనివాడు జాన్ పెర్రీ, తన తల్లీ సోదరుడూ ఆయన్ని చంపారని చెప్పి, తనతో పాటు వాళ్ళనీ ఇరికించాడు. ముగ్గుర్నీ ఉరితీశారు. 1662లో హారిసన్ నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. హత్య జరిగిందని రుజువైతేనో, కనీసం శవం దొరికితేనో తప్ప ఎవర్నీ హత్యకు దోషిగా తేల్చనని ఆనాటి న్యాయమూర్తి మాథ్యూ హేల్ అన్నాడంటే ఇలాంటి భయంతోనే. అది పాత కథ అనుకుంటే మన పక్కనే కొడగు ఉంది. భార్య కనిపించడం లేదని ఫిర్యాదు చేసిన ఒక గిరిజన కూలీనే, బెట్టదపుర దగ్గర దొరికిన ఒక అస్థిపంజరం ఆమెదేనని తేల్చి, హత్య కేసులో జైల్లో పెట్టారు. సుమారు ఏడాదిన్నర లోపలే ఉన్నాడు. డీఎన్‌ఏ సరిపోలలేదు. 2025 ఏప్రిల్లో ఆ భార్య మడికేరిలో ప్రాణాలతో కనిపించింది. మైసూరు సెషన్స్ కోర్టు అతన్ని నిర్దోషిగా వదిలింది. అక్కడ శవం ఉంది, అది వేరొకరిది. ఆ ఎముకలు ఎవరివో, వాళ్ళను ఎవరైనా వెతుకుతున్నారో లేదో!

కాబట్టి శవం లేని కేసులో కొలబద్ద కఠినంగానే ఉండాలి. శరద్ శారదా తీర్పు 1984లో చెప్పినట్టు గొలుసులో ఒక్క లంకె తెగినా లాభం లేదు. 2013లో, శవం దొరకని రిషిపాల్ కేసులో సుప్రీంకోర్టు మిగతా సాక్ష్యం సరిపోలేదని హత్యానేరం కొట్టేసింది. చివరిసారి కలిసి కనిపించారన్నంత మాత్రాన సాక్ష్య అధినియం 109వ సెక్షన్ పట్టుకుని, ఇక నువ్వే చెప్పు ఏమైందో అని ముద్దాయి మీద భారం వేయడం కుదరదు. ముందు చావు రుజువవ్వాలి, ఆ తర్వాతే ప్రశ్న. పెడ్లర్ల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. ఎందుకంటే వాళ్ళలో నిజంగా పరారయ్యేవాళ్ళు చాలామంది. నేపాల్ దాటి రెండేళ్ళు కనబడకుండా ఉన్నవాళ్ళున్నారు. వారంటు ఉన్నవాడి కోసం తల్లి చేసే మిస్సింగు ఫిర్యాదు ఒక్కోసారి నాటకమే అవుతుంది. అందుకే ఫిర్యాదు తీసుకోకుండా పంపడమూ, తీసుకుని హత్య అని తీర్మానించడమూ రెండూ తప్పు. తీసుకోవాలి, వారంటు ఫైలుకు జతచేయాలి, ఆ వారమే ఫోను, కెమెరా, బ్యాంకు రికార్డులు భద్రపరచమని నోటీసులివ్వాలి. బతికున్నాడని తేలితే అరెస్టుకూ అవే పనికొస్తాయి. అదనపు శ్రమ ఒక్క పూట.

చివరిగా ఇంటివాళ్ళకు రెండు ముక్కలు. ఈ సభలో నెల్లూరు, చిత్తూరు, అనంతపురం నుంచి పిల్లల్ని ఇక్కడికి పంపినవాళ్ళున్నారు కాబట్టి చెబుతున్నాను. పిల్లవాడి మీద కేసుందని, పరువు పోతుందని ఆగకండి. మీ ఊరి స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, జీరో ఎఫ్‌ఐఆర్ రాసి ఇక్కడికి పంపాలి. నోటితో చెప్పి ఊరుకోకండి, కాగితం మీద ఇచ్చి ప్రతి తీసుకోండి. తీసుకోనంటే డీసీపీకి రిజిస్టర్ పోస్టులో పంపండి, కదలకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ ఉంది. చనిపోయాడని ఏ కాగితమూ లేకపోతే చట్టం ఏడేళ్ళ దాకా బతికున్నట్టే చూస్తుంది. బ్యాంకు, ఇన్సూరెన్సు, పొలం మ్యుటేషను ఏదీ కదలదు, ఆ ఏడేళ్ళూ భార్యాపిల్లలు ఎటూ కాకుండా ఉండిపోతారు. గదికి వెళ్ళినప్పుడు సర్దేయకండి, ఉతికేయకండి. దువ్వెన, టూత్‌బ్రష్, విప్పి పడేసిన బనీను కాగితపు కవర్లలో పెట్టండి, ప్లాస్టిక్ వద్దు, చెమ్మ పట్టి పాడవుతాయి. తల్లీ తండ్రీ రక్త నమూనా ఇస్తామని రాసివ్వండి. ఫోను కొన్నప్పటి డబ్బా ఇంట్లో ఎక్కడో అటక మీద ఉంటుంది. దాని మీద ఐఎంఈఐ నంబరు ఉంటుంది. సిమ్ మారినా అది మారదు. వచ్చేటప్పుడు ఆ డబ్బా తెచ్చుకోండి.

ప్రశ్నలుంటే అడగండి. జవాబు చెప్పడానికి వెనక వరుసలో ఇద్దరు రిటైర్డు సీఐలు కూడా ఉన్నారు, నన్నొక్కణ్ణే ఇరికించకండి.